పెళ్లికూతురి పేరు ‘ల’

పొద్దున్న తొమ్మిది కాకముందే ఫోను మోగింది. ‘నాయనా, పెళ్లికూతురి పేరు ల అట. ఉట్టి ల. ఒకసారి వచ్చి చూసి వెళ్లు’ అన్నారు బాబాయిగారు. గొంతులో కోపం లేదు. నాకు భయం వేసింది అందుకే.

విశాఖపట్నంలో జగదాంబ జంక్షన్ నుంచి పూర్ణా మార్కెట్ వైపు వెళ్తుంటే ఒక సందులో ఉంటుంది ఆయన ప్రింటింగ్ ప్రెస్సు. మా నాన్నగారి స్నేహితులు. సీసం అక్షరాలు పేర్చే కంపోజిటర్‌గా మొదలై, తర్వాత ఆఫ్‌సెట్‌కు, ఆ తర్వాత కంప్యూటర్‌కు మారారు. ఏది మారినా ఆ ప్రెస్సుకు తిండి పెట్టేది మాత్రం శుభలేఖలే. 2013లో ఆయన అడిగితే ఒక చిన్న వెబ్ ఫారం రాసి ఇచ్చాను. పెళ్లివారు ఇంట్లో కూర్చుని మేటరు టైపు చేస్తే అది ప్రెస్సులో తెర మీదికి వస్తుంది. డీటీపీ కుర్రాడు దాన్ని తన ఫాంటులోకి మార్చుకుని పేజీ కడతాడు. అప్పట్లో పేజీ కట్టే ఫాంట్లు యూనికోడ్‌వి (అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ఉమ్మడి పద్ధతి) కావు కాబట్టి ఆ మార్పిడి తప్పేది కాదు. అది వేరే పురాణం.

ఫారంలో మూడు పెట్టెలు. మొదటిది పై మేటరు, అంటే మంగళ వాక్యాలు, వధూవరుల పేర్లు. రెండోది ముహూర్తం, వేదిక. మూడోది ఆహ్వానించువారు. వెనకాల ప్రోగ్రామ్ రాసిన భాష పీహెచ్‌పీ, మేటరు దాచే డేటాబేసు మైఎస్‌క్యూఎల్. డేటాబేసు టేబుల్‌లో ఒక్కో పెట్టెకు ఒక్కో కాలమ్. రెండో, మూడో పెట్టెలకు పొడవు చెప్పనక్కర్లేని టెక్స్ట్ రకం కాలమ్ ఇచ్చాను. మొదటిదానికి వార్‌చార్ 255, అంటే 255 దాకా మాత్రమే పట్టే రకం. ఎందుకు 255 అని అడిగితే అప్పుడు నా దగ్గర జవాబు లేదు. చేతికి అలవాటు, అంతే. పరీక్షించేటప్పుడు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో ‘టెస్ట్’ అని నాలుగు ముక్కలు కొట్టి, బాగానే ఉందనుకుని, ఇంటికి పోయాను.

ప్రెస్సుకు వెళ్లేసరికి బల్ల మీద ప్రూఫు పెట్టి ఉంది. మొదటి పెట్టెలోంచి వచ్చినది మొత్తం మూడు వరుసలు:

శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు
శ్రీ వరాహలక్ష్మీ నృసింహస్వామి వారి దివ్య ఆశీస్సులతో
చి.ల.సౌ. ల

ఆ తర్వాత శూన్యం. పెళ్లికొడుకు అసలు లేడు. అమ్మాయి పేరు లక్ష్మితో మొదలవుతుంది. మిగతాది ఇక్కడ రాయను, వాళ్లకిప్పుడు బడికి వెళ్లే పిల్లలున్నారు.

డేటాబేసులో చూస్తే అక్కడా అంతే. అంటే పేజీ కట్టిన కుర్రాడి తప్పు కాదు. ప్రోగ్రామ్ ఎక్కడా ఏడవలేదు, లాగులో ఒక్క వరుస లేదు. ఉన్నదాన్ని వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

కంప్యూటర్‌కు తెలుగు అక్షరం ఒకే ముక్క కాదు. హల్లు ఒకటి, పొల్లు ఒకటి, గుణింతం గుర్తు ఒకటి, సున్నా ఒకటి. యూనికోడ్‌లో ఒక్కోదానికి ఒక్కో సంఖ్య. దాన్నే కోడ్ పాయింట్ అంటారు. మనం ఒక్క అక్షరమనుకునే ‘స్త్రీ’లో స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం కలిపి ఆరు కోడ్ పాయింట్లు ఉన్నాయి. ఆ సంఖ్యలను బైట్లుగా, అంటే కంప్యూటర్ చోటును కొలిచే ముక్కలుగా, దాచే పద్ధతి ఒకటి యూటీఎఫ్-8. అందులో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. కాబట్టి ఒక స్త్రీకి 18 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి, చుక్కకు, ఖాళీకి ఒక్కో బైటు.

ఇప్పుడు మొదటి వరుస. మూడు మాటల్లో 9, 8, 11 కలిపి 28 కోడ్ పాయింట్లు. 84 బైట్లు, రెండు ఖాళీలతో 86. పెళ్లి ఎవరిదో తెలియకముందే 255లో మూడో వంతు శుభమస్తులకే ఖర్చయిపోయింది. రెండో వరుసలో సింహాద్రి అప్పన్న ఆశీస్సులకు 46 కోడ్ పాయింట్లు, అయిదు ఖాళీలు: 143 బైట్లు. ‘చి.ల.సౌ.’కు అయిదు కోడ్ పాయింట్లు, మూడు చుక్కలు: 18. దాని పక్కన ఒక ఖాళీ. వరుస మారిన చోట్లు రెండు. అన్నీ కూడితే 250 వచ్చింది. ఇంకా అయిదు బైట్లు మిగిలి ఉండాలి. అప్పుడు ‘ల’ పూర్తిగా, దాని వెనక ‘క’లో మూడింట రెండు వంతులు పట్టాలి. అలా తెగిన అక్షరం తెర మీద నల్లటి డైమండులో ప్రశ్నార్థకంలా కనిపిస్తుంది. ఇక్కడ అదేమీ లేదు. శుభ్రంగా కడిగిన ముత్యంలా ఒక్క ల.

అరగంట పట్టింది ఆ రెండు బైట్లు ఎక్కడ పోయాయో తెలుసుకోవడానికి. బ్రౌజరు ఫారంలో ఎంటర్ కొట్టిన చోట ఒక గుర్తు కాదు, రెండు వెళ్తాయి: పాత టైప్‌రైటర్ల కాలం నుంచి వస్తున్న జంట, బండిని వెనక్కి తోసే గుర్తు ఒకటి, కాగితాన్ని పైకి జరిపే గుర్తు ఒకటి. రెండు ఎంటర్లకు రెండు కాదు, నాలుగు బైట్లు. 252. మిగిలినవి మూడు. మూడంటే ఒక ల.

బాబాయిగారు ఇదంతా శ్రద్ధగా విన్నారు. ‘మా రోజుల్లోనూ ఒత్తులకు వేరే గళ్లుండేవి నాయనా. స్త్రీ అంటే ఒక్క ముక్క అని మేమెప్పుడూ అనుకోలేదు’ అన్నారు. నాకు చదువు చెప్పినవాళ్లెవరూ ఈ మాట చెప్పలేదు.

అయితే వార్‌చార్ 255 అంటే మైఎస్‌క్యూఎల్‌లో 255 బైట్లు కాదు, 255 కోడ్ పాయింట్లు. పుస్తకం తీసి చూస్తే అదే రాసి ఉంది. ఆ లెక్కన ఆ మేటరు హాయిగా పట్టాలి. మరి బైట్ల లెక్క ఎందుకు వచ్చింది?

ఎందుకంటే టేబుల్ కట్టేటప్పుడు ఏ లిపి సముదాయమో నేను చెప్పలేదు. చెప్పకపోతే అప్పటి మైఎస్‌క్యూఎల్ పశ్చిమ యూరప్ భాషల సముదాయమైన లాటిన్1 అనుకుంటుంది. అందులో ఒక అక్షరమంటే ఒక బైటు. పీహెచ్‌పీ కూడా కనెక్షన్ లాటిన్1 అనే అనుకుంది. తెలుగు ‘ల’కున్న మూడు బైట్లు మూడు యూరోపియన్ అక్షరాల వేషంలో లోపలికి వెళ్లి, అదే వేషంలో బయటికి వచ్చి, బ్రౌజరు చేతిలో మళ్లీ తెలుగు అయ్యేవి. పని జరుగుతోంది కదా అని ఎవరికీ అనుమానం రాలేదు. మైఎస్‌క్యూఎల్‌ను తయారు చేసింది స్వీడన్ కంపెనీ కావడం వల్ల, అప్రమేయంగా, అంటే మనమేమీ చెప్పకపోతే, వచ్చే వరుసక్రమం కూడా స్వీడిష్ భాషదే. అంటే వన్‌టౌన్‌లో ప్రింటయ్యే శుభలేఖలన్నీ కొన్ని నెలల పాటు స్వీడన్ అక్షరమాల ప్రకారం వరుసలో నిలబడ్డాయి.

ఇంత జరిగినా ఒక్క ఎర్రర్ రాలేదే అన్నదే నన్ను ఎక్కువ బాధించింది. మైఎస్‌క్యూఎల్ 5.7 వెర్షన్ రాకముందు, పట్టనిది వస్తే ఎర్రర్ ఇచ్చి ఆపే కఠిన విధానం (స్ట్రిక్ట్ మోడ్) అప్రమేయంగా ఉండేది కాదు. పట్టనిది కత్తిరించి, పట్టినంత దాచి, ‘కత్తిరించాను’ అని పక్కన ఒక హెచ్చరిక పెట్టేది. అడిగితేనే చూపించే హెచ్చరిక. నేను అడగలేదు. లాడ్జిలో గుమస్తా మన సామాను సగమే గదిలో పెట్టి, మిగతాది వీధిలో పారేసి, ఆ సంగతి తన చిట్టాలో రాసుకున్నట్టు.

టేబుల్‌ను బాగు చేయడం ఇంకో సరదా. లాటిన్1 కాలమ్‌ను నేరుగా యూటీఎఫ్-8కు మార్చమంటే, అది నిజంగానే యూరోపియన్ అక్షరాలనుకుని ఒక్కోదాన్నీ మళ్లీ యూటీఎఫ్-8 చేసి కూర్చుంటుంది. తెలుగుకు రెండు పొరల ముసుగు పడుతుంది. అందుకని ముందు కాలమ్‌ను బ్లాబ్ చేయాలి. అంటే ‘ఇవి అక్షరాలు కావు, బైట్లు, ముట్టుకోకు’ అని చెప్పాలి. తర్వాత ఆ బ్లాబ్‌ను యూటీఎఫ్-8 టెక్స్ట్ చేయాలి. రెండు అడుగుల పని. తెగిపోయిన పేర్లు మాత్రం దేనివల్లా తిరిగి రావు. అలాంటి ఆర్డర్లు ఇంకో నాలుగున్నాయి. నలుగురికీ బాబాయిగారే స్వయంగా ఫోను చేశారు. నన్ను చెయ్యనివ్వలేదు.

ఇక 255 సంగతి. ఇది ఎక్కడిదో తర్వాత తెలిసింది. మైఎస్‌క్యూఎల్ 5.0.3కు ముందు వార్‌చార్ గరిష్ఠ పరిమితే అది. మాట పొడవును రాసుకోవడానికి ఒక్క బైటు చాలే గరిష్ఠ సంఖ్య కూడా అదే. పరిమితి పోయింది, అలవాటు మిగిలింది. జావా ప్రోగ్రాములు వాడే హైబర్నేట్ లాంటి లైబ్రరీలు కూడా పొడవు చెప్పకపోతే 255 అనే వేసేస్తాయి. ఆ ఒక్క బైటు పొదుపు లెక్క కూడా ఇప్పుడు 255 దగ్గర లేదు. ఒక అక్షరానికి నాలుగు బైట్ల దాకా అనుమతించే యూటీఎఫ్8ఎంబీ4లో 63 అక్షరాలకే 252 బైట్లు. 64 అనగానే 256, పొడవు రాయడానికి రెండో బైటు కావాలి. అందుకే ఆ గీత దాటించి వార్‌చార్‌ను పెంచమంటే మైఎస్‌క్యూఎల్ టేబుల్ మొత్తాన్ని కొత్తగా రాసుకుంటుంది. గీతకు ఇటువైపో అటువైపో ఉంటే చిటికెలో అయిపోతుంది. పెద్ద టేబుల్ మీద రాత్రి పదకొండింటికి 50ని 100 చేసి, ఇది చిన్న మార్పే కదా అని కాఫీకి వెళ్లినవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు.

ఈ మొదటి పాఠం తర్వాత బుద్ధిమంతుడినయ్యాననుకున్నాను. కాలమ్‌లన్నీ యూటీఎఫ్8 చేశాను. అన్నీ టెక్స్ట్ చేశాను. టెక్స్ట్ అంటే 65,535 బైట్లు. గమనించండి, వార్‌చార్‌కు రాసే అంకె అక్షరాల్లో, టెక్స్ట్ పరిమితి బైట్లలో. పక్కపక్కన కూర్చునే రెండు రకాలకు రెండు కొలతలు! తెలుగులో అది 21,845 కోడ్ పాయింట్లు. శుభలేఖకు చాలా ఎక్కువే. అదే టైనీటెక్స్ట్ అయితే 255 బైట్లు, అంటే 85. మళ్లీ సరిగ్గా ఆ ల దగ్గరే ఆగిపోతుంది.

2016లో మళ్లీ ఫోను. ఈసారి ఆహ్వానించువారి పేర్లు సగంలో పోయాయి. కస్టమరు వాట్సాప్‌లో ఇంటిల్లిపాదితో ఖరారు చేసుకున్న మేటరును అలాగే తెచ్చి ఫారంలో అతికించాడు. పెదనాన్నగారి పేరు పక్కన రెండు చేతులు జోడించిన బొమ్మ ఉంది. పెదనాన్నగారు మిగిలారు. ఆయన తర్వాతి పదకొండు మంది మాయం.

మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని పిలిచేది నిజానికి పూర్తి యూటీఎఫ్-8 కాదు. అక్షరానికి మూడు బైట్ల దాకానే తీసుకుంటుంది. తెలుగుకు సరిగ్గా సరిపోతుంది, అందుకే మూడేళ్లు నాకు పట్టుబడలేదు. రూపాయి గుర్తుకూ సరిపోతుంది. వాట్సాప్ బొమ్మల్లో చాలావాటికి మాత్రం నాలుగు బైట్లు కావాలి. కఠిన విధానం లేకపోతే ఆ బొమ్మ దగ్గర నుంచి చివరిదాకా కోసేస్తుంది. పాత సెట్టింగుల ఫైలునే కొత్త సర్వరుకు మోసుకొచ్చింది నేనే కాబట్టి కఠిన విధానం అప్పుడూ లేదు. నాలుగు బైట్లను కూడా పట్టే యూటీఎఫ్8ఎంబీ4 అప్పటికి కొత్తదేమీ కాదు. 2010లో 5.5.3తోనే వచ్చింది. నేను చదవలేదు, అంతే. అసలు దానికి యూటీఎఫ్8 అని పేరు పెట్టి లోపల ముక్కాలు వంతే ఉంచినవాళ్ల మీద కొంచెం కోపం ఇప్పటికీ ఉంది. శేరు అని చెప్పి తవ్వెడు కొలిచినట్టు.

ఎంబీ4కు మార్చబోతే, త్వరగా వెతకడానికి కాలమ్‌ల మీద వేసుకునే ఇండెక్సులు అడ్డం తిరిగాయి. మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే భాగం ఇన్నోడీబీ. దాని పాత వరుస పద్ధతిలో ఒక కాలమ్ మీద ఇండెక్సుకు 767 బైట్లే పరిమితి. 255ను మూడుతో గుణిస్తే 765, పడుతుంది. నాలుగుతో గుణిస్తే 1,020, పట్టదు. ఎక్కడైనా పాత ప్రాజెక్టులో వార్‌చార్ 191 కనిపిస్తే అది ఎవరి జాతకం నుంచీ వచ్చింది కాదు. 191 నాలుగుల 764. కొత్త వరుస పద్ధతిలో పరిమితి 3,072 బైట్లు కాబట్టి ఇప్పుడా తిప్పలు అక్కర్లేదు. 8.0 నుంచి ఎంబీ4 అప్రమేయంగా వస్తుంది.

ఇంత అనుభవించాక, ఏ కాలమ్‌కు ఏ అంకె రాయబోయినా చేయి ఆగుతుంది. ఈ అంకె దేన్ని లెక్కపెడుతోంది? బైట్లనా, కోడ్ పాయింట్లనా, మనిషి కంటికి కనిపించే అక్షరాలనా? ‘విశాఖపట్నం’ అయిదు అక్షరాలు, పది కోడ్ పాయింట్లు, 30 బైట్లు. ఋషికొండ మీది ఆఫీసుల్లో ఒకదాంట్లో పనిచేసే మిత్రుడొకడు ఒరాకిల్ అనే డేటాబేసులో ఊరి పేరుకు వార్‌చార్2 రకం, పొడవు 50 ఇచ్చాడు. అక్కడ వేరే చెప్పకపోతే లెక్క బైట్లలోనే. 50 బైట్లంటే 16 తెలుగు కోడ్ పాయింట్లు, రెండు బైట్ల చిల్లర. విశాఖపట్నం పడుతుంది. ‘విశాఖపట్నం జిల్లా’ 49, అదీ పడుతుంది. దాని పక్కన ‘ఏపీ’ అని చేర్చారు, పోయింది. ఒరాకిల్ కనీసం అక్కడే ఎర్రర్ చెప్పి ఆపేస్తుంది, ఆ విషయంలో దానికి దండం పెట్టాలి. 50 పక్కన చార్ అన్న మాట చేరిస్తే లెక్క అక్షరాల్లోకి మారుతుంది. అదే మిత్రుడికి ఖాళీ మాటను ఒరాకిల్ నల్‌గా, అంటే విలువే లేనట్టుగా, చూస్తుందన్న సంగతి కూడా ఆ వారమే తెలిసింది. ఆ వారం వాడితో మాట్లాడడం కష్టమైంది.

మైక్రోసాఫ్ట్ వారి డేటాబేసు ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇంకో రకం. మామూలు వార్‌చార్‌లో తెలుగు వేస్తే ప్రశ్నార్థకాలు వస్తాయి, ఎందుకంటే ఆ కాలమ్‌ల కోడ్ పేజీల్లో, అంటే అక్షర పట్టికల్లో, తెలుగుకు చోటు లేదు. ఎన్‌వార్‌చార్ వాడాలి, కోడ్‌లో నేరుగా రాసే మాట ముందు ఎన్ అక్షరం పెట్టాలి. 2019 వెర్షన్ నుంచి యూటీఎఫ్-8 పద్ధతి కూడా ఉంది. ప్రశ్నార్థకంగా మారిన అక్షరం మళ్లీ అక్షరం కాదు, అది నిజంగానే ప్రశ్నార్థకం అయిపోయింది. లాటిన్1 వేషం కంటే ఇది ఘోరం.

మాట పొడవు ఎంత అని అడిగితే ప్రోగ్రామింగ్ భాషల్లో కూడా కొలతలు కలవవు. పీహెచ్‌పీలో స్ట్ర్‌లెన్ బైట్లు లెక్కపెడుతుంది, ఎంబీ_స్ట్ర్‌లెన్ కోడ్ పాయింట్లు. పైథాన్‌లో లెన్ కోడ్ పాయింట్లు. జావా, జావాస్క్రిప్ట్ లెక్కపెట్టేది యూటీఎఫ్-16 అనే ఇంకో పద్ధతిలోని రెండు బైట్ల ముక్కలు. తెలుగుకు అవీ కోడ్ పాయింట్లూ సమానమే, చేతులు జోడించిన బొమ్మకు మాత్రం రెండు. స్విఫ్ట్ మనిషి కంటికి కనిపించే అక్షరాలను లెక్కపెట్టబోతుంది. అయితే ‘స్త్రీ’ మొత్తం ఒకే అక్షరమని యూనికోడ్ నియమాలు ఒప్పుకున్నది 2023లో వచ్చిన 15.1లోనే. అంతకు ముందు పొల్లు దగ్గర తెంపి మూడు అనేవి. తెర మీద ‘ఇంకా 20 అక్షరాలు రాయవచ్చు’ అని చూపించే డబ్బా తెలుగువాళ్లకు ఏం చెబుతోందో ఊహించుకోండి.

ఇదంతా భరించలేక తర్వాత ప్రెస్సు సాఫ్ట్‌వేర్‌ను పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేసుకు మార్చాను. అక్కడ టెక్స్ట్ అని ఒక రకం ఉంది, పరిమితి చెప్పనక్కర్లేదు, ఒక గిగాబైటు దాకా పడుతుంది. వేగంలో వార్‌చార్‌కూ టెక్స్ట్‌కూ తేడా లేదని వాళ్ల మాన్యువల్‌లోనే రాసి ఉంది. చార్ రకం మాత్రం వెనకాల ఖాళీలు నింపుకుంటుంది, అది వాడకండి. వరుస రెండు కిలోబైట్లు దాటితే పొడవైన మాటలను కుదించి, అవసరమైతే వేరే చోటికి జరిపి దాచుకునే ఏర్పాటు దానికుంది, మనం పట్టించుకోనక్కర్లేదు. వార్‌చార్ 50కి 51 అక్షరాలిస్తే కత్తిరించదు, మొహం మీద ఎర్రర్ కొడుతుంది. నాకిప్పుడు అలాంటివాళ్లే నచ్చుతున్నారు.

అయితే టెక్స్ట్ వేసి చేతులు దులుపుకోలేం. ఎవరైనా పది మెగాబైట్ల చెత్త అతికిస్తే? అందుకని నిజమైన హద్దు ఉన్నచోట, డేటాను లోపలికి రానిచ్చే ముందు సరిచూసే చెక్ నిబంధన రాస్తాను. పై మేటరు 5,000 అక్షరాలు దాటకూడదు, పిన్‌కోడ్ సరిగ్గా ఆరంకెలుండాలి, మొదటిది సున్నా కాకూడదు, ఇలా. నిబంధన మార్చడం కాలమ్ రకాన్ని మార్చడం కంటే తేలిక, పైగా దానికి ఒక పేరు ఉంటుంది, ఎర్రర్‌లో ఆ పేరే కనిపిస్తుంది. ఇంకా మైఎస్‌క్యూఎల్‌లోనే ఉండేవాళ్లకు నా సలహా వేరు. వెతికేవి, ఇండెక్సు వేసేవి వార్‌చార్‌లో ధారాళంగా పెట్టుకోండి. అక్కడ టెక్స్ట్ కాలమ్‌కు ముందు భాగం పొడవు చెప్పకుండా ఇండెక్సు పడదు. మనుషులు రాసే పేరాలు టెక్స్ట్‌లో పెట్టండి. కఠిన విధానం ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.

పిన్‌కోడ్ అంటే గుర్తొచ్చింది. 530016 చూడడానికి అంకె. దాన్ని ఎవరైనా కూడతారా, సగటు తీస్తారా? తీయరు కాబట్టి అది మాటే. ఈ ముక్క తెలిసి కూడా బోల్తా పడ్డాను. శుభలేఖలు ఇంటికి చేర్చే కుర్రాడి కోసం ఒక ఫోన్ యాప్ రాశాను. నెట్ లేని చోట కూడా పనిచేయాలని అందులో ఫోనులోనే ఉండే చిన్న డేటాబేసు ఎస్‌క్యూలైట్ పెట్టాను. ఫోను నంబరు కాలమ్‌కు రకం ‘స్ట్రింగ్’ అని రాశాను, కోడ్‌లో అదే కదా అంటాం. వన్‌టౌన్‌లో పెద్దవాళ్లు చాలామంది ఇప్పటికీ ల్యాండ్‌లైను నంబరే ఇస్తారు, 0891తో సహా. యాప్‌లో ఆ నంబర్లన్నీ 891తో మొదలయ్యాయి. కుర్రాడు బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దగ్గర నిలబడి ‘సార్, ఏ నంబరూ కలవడం లేదు’ అంటాడు.

ఎస్‌క్యూలైట్‌కు స్ట్రింగ్ అనే రకం లేదు. మనం రాసిన పేరులో చార్, క్లాబ్, టెక్స్ట్ అన్న ముక్కల్లో ఏదైనా ఉంటే మాటలా చూస్తుంది. తనకు తెలిసిన ముక్క ఏదీ దొరకకపోతే అంకెల వైపు మొగ్గుతుంది. స్ట్రింగ్‌లో ఆ ముక్కలేవీ లేవు. అందుకని అంకెలా కనిపించిన ప్రతిదాన్నీ అంకె చేసి ముందున్న సున్నాను మింగేసింది. మధ్యలో అడ్డగీత పెట్టి రాసిన నంబర్లు మాత్రం బతికాయి, అవి అంకెలా కనిపించవు కాబట్టి. మన ఊరి ఇంటి నంబర్లను కూడా ఆ అడ్డగీతలే కాపాడాయి. ఎక్సెల్‌లో మాత్రం అవే కొంపముంచాయి. 10-1-12 అనే ఇల్లు అక్కడ తారీకు అయిపోయింది.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. పెళ్లికొడుకులు సగం మంది ‘సాఫ్ట్‌వేర్ ఇంజినీర్’లే కదా. పాత మేటరు వెతికేటప్పుడు ఆ మాట కొడితే కొన్ని వచ్చేవి, కొన్ని రావు. ‘సాఫ్ట్‌వేర్’ విడిగా కనబడాలంటే పొల్లు తర్వాత కంటికి కనిపించని గుర్తు ఒకటి పెట్టాలి. కొన్ని కీబోర్డులు పెడతాయి, కొన్ని పెట్టవు. పెట్టకపోతే ట కింద వ ఒత్తు పడుతుంది. ఆ కనిపించని దానికీ మూడు బైట్లే. మేటరును ఉన్నదున్నట్టు ఒక కాలమ్‌లో ఉంచి, ఆ గుర్తు తీసేసిన నకలును వెతకడానికి ఇంకో కాలమ్‌లో పెట్టాను. అసలు కాలమ్‌ను మాత్రం ముట్టుకోలేదు. ప్రింటయ్యేది అదే కదా.

ఇప్పుడు బాబాయిగారికి కొత్త కష్టం వచ్చింది. పరిమితి లేదని తెలిశాక పెళ్లివారు మేనమామల తోడళ్లుళ్ల దాకా రాస్తున్నారు. ‘నాయనా, డేటాబేసులో ఎంతైనా పడుతుంది సరే, కార్డులో పట్టొద్దూ? దానికేదైనా అడ్డు పెట్టు’ అన్నారు. ఎన్ని అక్షరాలు పడతాయి అని అడిగాను. ఆయన నవ్వారు. ‘అక్షరాలేమిటి, వరుసలు చూడాలి. ‘స్త్రీ’ కంటే ‘మమ’ ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఒత్తులున్న వరుస కింద ఎడం ఎక్కువ కావాలి’ అన్నారు. ఆ కొలత ఏ డేటాబేసులోనూ లేదు. అందుకని ఫారంలోనే కార్డు నమూనా చూపించి, వరుసలు దాటితే ఎర్ర గీత గీస్తున్నాను. కత్తిరించడం మాత్రం లేదు.

నిన్న సాయంత్రం మళ్లీ ఫోను. ఎర్ర గీత కనిపించినా ఒక్క పేరు కూడా తీయనన్నారట ఒక పెదనాన్నగారు. ‘బంధుమిత్రుల అభినందనలతో’ అనే వరుస కార్డు వెనక్కి పోయింది, ఏం చెయ్యమంటావు అన్నారు బాబాయిగారు. ఫాంటు ఒక పాయింటు తగ్గించమన్నాను.